డాక్టరమ్మ, కంచె అవతలి చీతా

పోయిన వారం మా ఇంటి కిటికీ చువ్వలకు రంగు వేయడానికి వచ్చిన మనిషి టర్పెంటైన్ సీసా మూత తీశాడు. నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే చదువుతున్న వాక్యం మధ్యలో ఆగిపోయింది. అతనికి అది రంగు పలచన చేసే మందు. నాకు ఎమ్మిగనూరు పశువుల ఆసుపత్రి. పుండులో పురుగులు పడిన ఎద్దును తోలుకొస్తే టర్పెంటైనులో దూది ముంచి గాయంలో కుక్కేవాళ్ళం. కాసేపటికి పురుగులు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. పట్టకారు పట్టుకొని నిలబడేది నేను. పట్టుకోవడం నేర్పింది డాక్టర్ ఎస్తేరమ్మ గారు. ఆమె పోయి రెండేళ్ళు కావస్తోంది.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నేను డైరీ రాస్తున్నాను. ఆదోనిలో మా ఇంటి బీరువా కింది అర నిండా అవే. రోజుకు అరపేజీ. వాన పడిందా లేదా, ఏ ఊరి పశువు వచ్చింది, ఏ మందు ఇచ్చాం, అంతే. సొంత సంగతులు తక్కువ. రంగు ఆరేవరకు కిటికీలు ముట్టుకోవద్దన్నాడు కాబట్టి, ఆ రెండు రోజులూ బీరువా ముందు కూర్చొని ఆమె పేరున్న పేజీలన్నీ తిరగేశాను. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళకు ఆమె సంగతి చెప్పాలనిపించింది.

కోడుమూరులో కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ ఆమె. చర్చి పక్కన బడిలో చదువు మొదలుపెట్టి పశువైద్యం దాకా వెళ్ళారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినిపించేది. పొలం పనికి పోయే ఆడవాళ్ళలాగా చీర మీద పాత మగచొక్కా తొడుక్కొని, దాని చేతులు పైకి మడిచి పనిలోకి దిగేవారు. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. నేను చేసిన పని బాగుంటే ఏమీ అనేవారు కాదు. బాగలేకపోతే ఆసుపత్రికి వచ్చిన రైతులందరికీ తెలిసేది.

నేను కాంపౌండరుగా చేరిన మొదటి వారంలోనే ఒక బర్రె నా తొడ మీద తన్నింది. కుంటుకుంటూ అరుగు మీద కూలబడ్డాను. ఆమె నా కాలు చూడలేదు, ముందు బర్రె కాలు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఎనకనుంచి దొంగ మాదిరి గమ్మున పోతే తన్నక ముద్దు పెట్టుకుంటాదా? ముందు నీ గొంతు ఇనిపించల్ల. నేనొస్తాండానని దానికి తెలియల్ల."

"ఏమని చెప్పేది మేడం? దానికి తెలుగు వస్తుందా?"

"నీకొస్తాది గదా, సాలు. ఏదో ఒకటి సెప్తా పో."

ఆ రోజు నుంచి ఏ పశువు దగ్గరికి వెళ్ళినా రెండు బారల దూరం నుంచే "నేనే తల్లీ, నేనే" అనడం మొదలుపెట్టాను. ఎద్దునూ తల్లీ అనేవాణ్ణి. రైతులు నవ్వేవాళ్ళు. నాకు ఇంకో తన్ను మాత్రం తగల్లేదు. కొన్నేళ్ళకు అది ఊపిరిలో కలిసిపోయింది. గేదె ఈనుతున్నా, మేకపిల్లకు కట్టు కడుతున్నా, ఆ మాట నా నోట్లో ఉండేది. ఎప్పుడు అన్నానో నాకే తెలిసేది కాదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఆమె సగమే అర్థమవుతారు. నందవరం నుంచి ఒక రైతు జ్వరంతో ఉన్న ఎద్దును తీసుకొచ్చాడు. ఆమె నరానికి సూది వేశారు. మందు త్వరగా ఎక్కింది. ఎద్దు ముందుకాళ్ళ మీద కూలబడి, మేము నీళ్ళు తెచ్చేలోగానే పోయింది. ఆ రైతు నెత్తి పట్టుకొని, "మా రాతమ్మా, నువ్వేం సేస్తావు" అన్నాడు. నేను లోపలికి పోయి రిజిస్టరులో "రోగం ముదిరి మరణించినది" అని రాసేశాను. ఆమెను కాపాడాననుకున్నాను. ఆమె వచ్చి ఆ వరుస చదివారు. పెన్ను తీసుకొని అడ్డంగా కొట్టేశారు. "సూది మందు వేగంగా ఎక్కించుటచే" అని నాతోనే రాయించి, కింద సంతకం పెట్టారు. బయటికి వెళ్ళి ఆ రైతుతో చెప్పారు.

"రాత కాదప్పా. నా సెయ్యి తొందరపడింది."

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. పలుపు భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. చాలా నెలలు మా ఆసుపత్రి గడప తొక్కలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. ఆమె పైవాళ్ళకు సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. "రోగమని రాసుంటే అయిపోయేది గదా మేడం" అన్నాను ఒకరోజు. "అయిపోయేది. మర్సిపోయి రేపు ఇంకొక ఎద్దుకు అట్లనే ఎక్కించుందును" అన్నారు. ఆ మాట డైరీలో రాసుకున్నాను. రాసుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. ఆ తేడా నాకు చాలా ఏళ్ళ తర్వాత, చాలా దూరదేశంలో తెలిసింది.

ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఉద్యోగం అయిపోయిన మూడేళ్ళకు, చదువుకునే రోజుల నాటి స్నేహితురాలు పిలిస్తే నమీబియాకు వెళ్ళి, చీతాలను కాపాడే ఒక కేంద్రంలో జీతం లేకుండా కొన్నాళ్ళు పనిచేసి వచ్చారు. తర్వాతి ఏడు నా ఉద్యోగమూ అయిపోయింది. ఒక మధ్యాహ్నం ఆదోనిలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే మొదలుపెట్టారు.

"ఏం ఈరన్నా, పింఛను తీసుకొని గోడకు ఆనుకున్యావా? దా, నమీబియా పోదాం."

"అది యాడుండాది మేడం?"

"ఆఫ్రికాలో. ఆడ చీతాలు మేకలను పట్టుకుంటాండాయని రైతులు కాల్సేస్తాండారు. దెబ్బ తగిలినవాటిని బాగుసేసి మళ్ళా ఇడిసిపెడతారు. డాక్టర్లుండారు. కుదురుగా కూర్చొని రాసేవాళ్ళు లేరు. నీకు రాసేది తప్ప ఇంకేమొస్తాది?"

వంటింట్లో నుంచి మా ఆవిడ ఈశ్వరమ్మ బయటికి వచ్చింది. "ఇంట్లో పిల్లికి ఇన్ని పాలు పోయమంటే పోయడు, ఈయప్ప పులికి కూడు పెట్టేకి దేశాలు దాటిపోతాడంట!"

"రెండు నెలలే ఈశ్వరమ్మా. పులి తినకపోతే తెచ్చి నీకే అప్పజెప్తా."

"తినదులే మేడం. ఈయప్పలో ఏముండాది తినేకి?"

అలా ఖాయమైంది.

అక్కడి నేల చూస్తే మా ఆదోని పక్క ఆస్పరి దిక్కు వచ్చామేమో అనిపించింది. అదే ఎండ, అదే ముళ్ళకంప, దూరంగా అవే బోడి గుట్టలు. కేంద్రం చూసుకునే మనిషి పేరు యోహానెస్. ఆ ప్రాంతం వాడే, పొడుగు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఎస్తేరమ్మ గారు సంచిలో బొరుగులు మోసుకెళ్ళి, మొదటి ఆదివారం వాటిని నానబెట్టి తాలింపు వేసి అందరికీ ఉగ్గాని చేసి పెట్టారు. యోహానెస్ ఒక పచ్చిమిరపకాయను చిక్కుడుకాయ అనుకొని నమిలి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే, "డాక్టర్, మీ ఊళ్ళో మనుషుల్ని ఇలా పరీక్షిస్తారా?" అని అడిగాడు. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

మా వైపు కొండల్లో ఉండే చిరుతపులి వేరు, చీతా వేరు. చీతా సన్నని నడుముతో వేటకుక్కలా ఉంటుంది. కంటి నుంచి మూతి దాకా కన్నీటి చారలాంటి నల్లగీత ఉంటుంది. గర్జించదు. పిలిచేటప్పుడు పిట్టలా కిచకిచమంటుంది. మేము వెళ్ళిన వారానికి ఒక ఆడ చీతాను తెచ్చారు. మేకలు పోతున్నాయని ఒక రైతు బోను పెడితే అందులో పడింది. కాల్చకుండా కబురు చేశాడు. బోను ఊచలను గీరి గీరి ముందుకాలు చిట్లించుకుంది. డాక్టరమ్మ, అక్కడి డాక్టరు కలిసి మత్తిచ్చి కట్టు కట్టారు. గాయం మానాక మళ్ళీ అదే పొలాల పక్కన ఉన్న అడవిలో వదలాలి.

యోహానెస్ మొదటి రోజే ఒక నియమం చెప్పాడు. వదలబోయే జంతువుకు పేరు పెట్టకూడదు. దాని దగ్గర మాట్లాడకూడదు. మనిషి గొంతుకూ తిండికీ సంబంధం ఉందని అది నేర్చుకుంటే, బయటికి వెళ్ళాక మనుషుల దగ్గరికి వస్తుంది. వస్తే తుపాకీ ఉంటుంది. అలా అలవాటు పడినదాన్ని వదలరు, చనిపోయేదాకా కంచెలోనే ఉంచుతారు. అందుకే కంచెకు మందపాటి గుడ్డ కట్టారు. మాంసం గొట్టంలో నుంచి లోపలికి తోయాలి. గుడ్డలో ఒక చిన్న చిల్లు ఉంది. అందులో నుంచి చూసి, ఎంత తిన్నది, కాలు ఎలా వేస్తోంది, ఎలా ఉంది అని రిజిస్టరులో రాయాలి. ఆ పని నాది.

పది రోజులు నోరు మూసుకొనే చేశాను. తర్వాత ఒకనాడు మాంసం గొట్టంలో ఇరుక్కుంది. చేయి పెట్టి తోయాలి. అవతల అది ఉంది, ఊపిరి వినిపిస్తోంది. చేయి లోపలికి పెడుతుంటే నా నోటి నుంచి వచ్చేసింది, "నేనే తల్లీ, నేనే." అంతకుముందు రోజూ బుసకొట్టేది. ఆ రోజు కొట్టలేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్ళ నా విద్య సముద్రాల అవతల కూడా పనిచేసిందనిపించింది. మర్నాడు కావాలనే అన్నాను. ఆ మర్నాడు కూడా. రెండు వారాలకు నా మాట వినగానే అది లేచి గుడ్డ దగ్గరికి వచ్చేది. ఒకరోజు పిట్టలా కిచకిచమని పలికింది.

నా డైరీలో ఆ సాయంత్రం రాసింది ఇది: "ఈ రోజు నన్ను పిలిచింది." అదే రోజు కేంద్రం రిజిస్టరులో నేను రాసింది ఇది: "పూర్తిగా తిన్నది. ప్రవర్తన మామూలు."

రిజిస్టరు చదివి యోహానెస్ సంతోషించాడు. వచ్చే వారం వదులుదామన్నాడు. వదిలే ముందు ఆ రైతుకు చెప్పి రావాలని నన్నూ వెంట తీసుకెళ్ళాడు. మేము వెళ్ళేసరికి రైతు దగ్గర పనిచేసే కాపరి మేకలను దొడ్లోకి తోలుతున్నాడు. ఒక మేక వెనకబడితే దాని దగ్గరికి నడుస్తూ ఏదో అంటున్నాడు. ఆ భాష నాకు ఒక్క ముక్క తెలియదు. కానీ ఆ ధోరణి తెలుసు. తగ్గించిన గొంతు, ఒకే మాట రెండుసార్లు, చివర కొంచెం సాగదీయడం. అది నా గొంతే. రేపు ఆ చీతా ముళ్ళపొదల్లో నుంచి ఈ గొంతు విని, తిండి వచ్చిందనుకొని, తోక ఊపుకుంటూ ఇతని ముందుకు వస్తుంది. కాపరి భుజాన పాత తుపాకీ ఉంది. తిరిగి వచ్చే దారంతా యోహానెస్ ఏమేమో చెబుతున్నాడు. నేను ఒక్కటీ వినలేదు.

ఎస్తేరమ్మ గారు పనిముట్లు కడుగుతున్నారు.

"మేడం, ఒక తప్పు జరిగింది."

"జరిగిందా, సేసినావా?"

చెప్పాను. ఆమె కడగడం ఆపలేదు. కత్తెర తుడిచి, పక్కన పెట్టి అప్పుడు అడిగారు.

"ఎన్ని దినాల నుంచి?"

"పద్దెనిమిది దినాలు."

"నీ డైరీలో రాసుకున్యావా?"

"రాసుకున్యాను."

"రిజిస్టర్లో?"

"మామూలు అని రాసినాను."

"తెలియక సేసినోడు ఒకే పుస్తకం రాస్తాడప్పా. నువ్వు రెండు రాసినావు."

ఆమె తిడతారని సిద్ధపడి వచ్చాను. అంత మెల్లగా అంటారని అనుకోలేదు. చేతులు చొక్కాకు తుడుచుకొని కుర్చీలో కూర్చున్నారు. "గొంతు ఇనిపించమని నేర్పింది నేనే. ఈడికొచ్చినాక దాన్ని మానుకోమని నేనే సెప్పుండల్ల. నీ నోటికి అది ఊపిరి మాదిరని నాకు తెలుసు, సెప్పలేదు. ఆ తప్పు నాది. దాసిపెట్టింది మాత్రం నీదే. దాన్ని నేను మోయను. పోయి డైరీ తీసకరా."

"ఎందుకు మేడం?"

"ఆయప్పకు సదివి ఇనిపిద్దువు."

యోహానెస్ ముందు ఆ పద్దెనిమిది రోజుల డైరీ ఒక్కొక్క వాక్యం నాకొచ్చిన ఇంగ్లీషులో చదివాను. "ఈ రోజు బుసకొట్టలేదు." "ఈ రోజు నాకోసం లేచింది." "ఈ రోజు నన్ను పిలిచింది." ఒక ముసలివాడు తన ముచ్చట్లను పరాయివాడి ముందు చదువుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎస్తేరమ్మ గారు పక్కనే నిలబడి ఉన్నారు, ఎక్కడా ఆపలేదు. అతను అంతా విని, నన్ను కంచె దగ్గరికి తీసుకెళ్ళి, మాంసం లేకుండా మాట్లాడమన్నాడు. మాట్లాడాను. అది పరుగెత్తుకొని వచ్చింది. గుడ్డ అవతల నిలబడి కిచకిచమంది. నేను తల దించుకున్నాను.

"ఇప్పుడు వదలలేను," అన్నాడు యోహానెస్. కోపం లేదు, అలసట ఉంది. దూరంగా ఉన్న పెద్ద ఆవరణలోకి మార్చి, మనిషి కనపడకుండా, వినపడకుండా, వేళ మార్చి చోటు మార్చి తిండి పెట్టాలి. కొన్ని నెలలు చూడాలి. మరిస్తే స్వేచ్ఛ. మరవకపోతే బతుకంతా కంచెలోనే. "మీరు చెప్పకపోయి ఉంటే అది వారంలో చచ్చిపోయేది," అని కూడా అన్నాడు. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు.

మిగిలిన రోజులు నేను చీతాల వైపు పోలేదు. మందుల గదిలో సీసాలకు చీటీలు అంటించాను. గడువు అయ్యాక బయలుదేరాను. ఆమె రాలేదు. గడువు పొడిగించుకున్నారు. అప్పటికే మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కలేకపోయేవారు.

"మీరెందుకు మేడం ఉండేది? తప్పు నాది."

"సగం నాదని సెప్పినా గదా. నా సగానికి నేనుంటా. నువ్వు పో, ఈశ్వరమ్మకు అప్పజెప్తానని మాటిచ్చినా."

నాలుగు నెలలు దాటాక ఆమె ఫోను చేశారు. కాలు బాగా మానింది, పరుగు బాగుంది, వాహనం శబ్దం వింటే దూరంగా పోతోంది. ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే. నా గొంతు రికార్డు చేసి పంపాలి. దాన్ని కంచె పక్కన వినిపిస్తారు. వస్తే వదలరు.

ఈశ్వరమ్మ తలుపులు మూసింది. ఫోను ఎదురుగా పెట్టుకొని కూర్చున్నాను. మొదటిసారి "నేనే తల్లీ, నేనే" అన్నాను. తిరిగి పెట్టుకొని విన్నాను. ఎవరో పేరు పిలిచి హాజరు వేసుకుంటున్నట్టు చప్పగా ఉంది. ఎందుకలా వచ్చిందో నాకు తెలుసు. కావాలనే చప్పగా పలికాను. ఈ గొంతు వింటే అది రాదు. రాకపోతే వదిలేస్తారు. అది బయటికి పోతుంది. ఎవరికీ తెలియదు. కానీ తర్వాత ఒకరోజు ఆ కాపరి మేకను ముద్దుగా పిలుస్తాడు. అప్పుడు వస్తుంది.

ఆ రికార్డు తీసేశాను. ఫోను మళ్ళీ ఎదురుగా పెట్టుకున్నాను. ఈశ్వరమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చి, "నాతో మాట్లాడినట్ల మాట్లాడొద్దు. ఆ పులమ్మతో మాట్లాడినట్ల మాట్లాడు" అంది. నవ్వు వచ్చింది. ఆ నవ్వు పోకముందే, ఆ గొట్టంలో చేయి పెట్టిన రోజు ఎలా అన్నానో అలాగే, దానికి నేనంటే ఇష్టమని నమ్మిన రోజుల్లో ఎలా అన్నానో అలాగే అన్నాను. దాన్ని పంపాను. పంపాక నేను జీవితంలో మొదటిసారి, పిలిచి, రావద్దని కోరుకున్నాను.

మర్నాడు పొద్దున ఫోను మోగింది.

"పెట్టినాము ఈరన్నా. మూడుసార్లు పెట్టినాము."

"వచ్చిందా మేడం?"

"తల ఎత్తింది. సెవులు ఇట్ల ఈపక్కకు తిప్పింది. నా గుండె ఆగిపోయిందనుకో. కొంచెంసేపు సూసింది."

"వచ్చిందా?"

"లేదప్పా. లేసి ఆపక్క గడ్డిలోకి పోయింది."

నేను తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాను.

"ఏడుస్తాండావా?"

"లేదు మేడం."

"ఏడువు, ఏం కాదు. ఈసారి ఒకే పుస్తకంలో రాసుకో."

ఆ నెలాఖరులోనే వదిలారు. ఆమె ఊరికి వచ్చాక కోడుమూరు వెళ్ళి కలిశాను. రెండు మోకాళ్ళకూ గుడ్డ చుట్టుకొని మంచం మీద కూర్చొని, చీతాను అడవికి మోసుకెళ్ళిన పెట్టె తలుపు తీసిన దగ్గర నుంచి మొత్తం చెప్పారు. పెట్టెలో నుంచి ముందు ముక్కు వచ్చిందట, తర్వాత దెబ్బ మానిన కాలు వచ్చిందట. నేను అడగకూడదనుకున్నది అడిగేశాను.

"ఎనక్కి తిరిగి చూసిందా మేడం?"

"సూల్లేదు. సూసింటే ఇంకో ఏడాది ఆడనే ఉండల్సొచ్చేది గదా, నీ పుణ్యాన!"

ఆ తర్వాత ఆమె ఏ దేశానికీ వెళ్ళలేదు. చివరి జబ్బులో కూడా పక్కింటివాళ్ళ మేకకు ఏం పెట్టాలో మంచం మీద నుంచే అరిచి చెప్పేవారట.

ఆ రెండో రికార్డు నా ఫోనులో ఇంకా ఉంది. నాలుగు సెకన్లు. ఫోను మార్చినప్పుడు కొత్తదాంట్లోకి ఎక్కించమని షాపువాణ్ణి అడిగి మరీ ఎక్కించుకున్నాను. ఎవరికీ వినిపించను, నేనూ వినను. నా బతుకులో ఎన్నో పశువులు నా గొంతు విని కుదుటపడ్డాయి, వాటి పేర్లూ ఊర్లూ డైరీల్లో ఉన్నాయి. నా గొంతు విని, చెవులు తిప్పి, లేచి వెళ్ళిపోయింది అదొక్కటే.